నొసటి బల్బు

గంగాబాయిని కాటిలో కాల్చి వచ్చిన నాడే హరిలాల్ తండా నడుమ నిలబడి, తన పెండ్లాన్ని చంపింది పాము కాదు, వీరస్వామి అని అరిచాడు.

పాము కరిచింది నిజమే. పత్తి చేనులో, పొద్దుగూకే వేళ. సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సుల్లేవు. తండాలో ఉన్నది ఒక్క హరిలాల్ పాత పికప్. ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని మహబూబాబాద్ దవాఖానకు బయలుదేరాడు. అడవి దారి ఎక్కాక బండి లైట్లు పచ్చబడ్డాయి, తర్వాత మసకబారాయి, తర్వాత లేవు. కనపడని గుంతలో చక్రం దిగి ఇంజన్ ఆగింది. సెల్ఫ్ కొడితే టక్కుమంది, అంతే. మనుషులు దొరికి, తోసి, బండి లేచేసరికి గంగాబాయి తల అతని భుజం మీద ఉంది. పిలిస్తే పలకలేదు.

బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే డైనమోకు కొత్తగా కాయిల్ చుట్టింది గూడూరు వీరస్వామి. చుట్టిన నెలలోపే బ్యాటరీ దిగిపోయింది. హరిలాల్‌కు ఇంకేం సాక్ష్యం కావాలి? అతని అరుపు విని తండా పోరగాళ్లు గూడూరు పోయి వీరస్వామి దుకాణం మీద రాళ్లు వేశారు. ముందు నడిచింది మహేశ్, గంగాబాయి తమ్ముడు. ఆ తర్వాత ఏ తండా నుంచీ ఒక్క ట్రాక్టరు కూడా ఆ దుకాణం ముందు ఆగలేదు.

అంతటితో హరిలాల్ కడుపు చల్లబడలేదు. ఆ కాయిల్ కాలిపోయిందని నలుగురిలో చూపించాలి. వీరస్వామి తల దించుకోవాలి. అందుకని బండి పని తానే పట్టాడు.

తండాలోని దస్రును అడిగి అతని ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి పెట్టాడు. అదీ దిగిపోయింది. బెల్టు బిగించాడు. ఇంజన్‌కు, చాసిస్‌కు నడుమ ఉండే ఎర్తు తీగను ఉప్పు కాగితంతో గీకి మళ్లీ కట్టాడు. మార్పు లేదు. ఇక మిగిలింది డైనమో. దాన్ని విప్పి గోనెసంచిలో వేసుకొని, సమ్మె ముగిసి బస్సులు తిరగగానే జనగామ పోయాడు. అక్కడ హన్మంత్ అనే ముసలి ఎలక్ట్రీషియన్‌కు వీరస్వామి ఎవరో తెలియదు. కాబట్టి అతని మాట చెల్లుతుంది.

"ఏందే, కోడిపుంజు లెక్క సంచిల వేసుకొచ్చినవ్?" అంటూ హన్మంత్ డైనమోను బల్లకు బిగించి, బ్యాటరీ తీగ తగిలించి, మోటారుతో తిప్పాడు. పరీక్ష బల్బు తెల్లగా వెలిగింది.

"ఎవలు చుట్టిండ్రు దీన్ని?"

"గూడూరుల ఒకడు."

"మంచిగ చుట్టిండు."

"మంచిగెట్లయితది? గది నా పెండ్లాన్ని తిన్నది!"

హన్మంత్ మోటారు ఆపాడు. "డైనమోల అయిబు లేదు బిడ్డా. బండిల ఉన్నది. తాళం తిప్పంగనే మీటర్ బోర్డుల ఎర్ర లైట్ వస్తదా?"

"రాదు. ఎర్రది వస్తెనే గద అయిబు? రాకపోతె మంచిదే గద?"

"ఇంజన్ నడిచేటప్పుడు రావద్దు. తాళం తిప్పంగ రావాలె. ఆ ఎర్ర లైట్ బల్బులకెల్లే డైనమోకు మొదటి కరెంటు పోతది. బల్బు లేకపోతె అది ఉత్తగ తిరుగుతది. మస్తు రేస్ ఇస్తె ఒక్కోపారి లేస్తది, అంతే."

తారు రోడ్డు మీద జోరుగా పోయిన నాడు లైట్లు బాగానే వెలగడం, అడవి దారిలో మెల్లగా పోయిన నాడు చావడం హరిలాల్‌కు గుర్తొచ్చాయి. ఎర్ర దీపం కనపడకపోతే బండి బాగున్నట్టేనని నమ్మి తిరిగింది కూడా గుర్తొచ్చింది.

తండాకు వచ్చి డైనమో బిగించి మీటర్ బోర్డు ఊడదీశాడు. మిగతా బల్బులు ఉన్నాయి. ఆ ఎర్ర చార్జింగ్ దీపం ఉండాల్సిన చోట ఖాళీ బొక్క. మాడిపోతే మాడిన బల్బు ఉండాలి. ఇక్కడి బల్బును ఎవరో పీకారు.

సమ్మె మొదట్లో గూడూరులో జరిగిన ర్యాలీ గుర్తొచ్చింది. తెలంగాణ తల్లి బొమ్మను పికప్ క్యాబిన్ మీద కట్టారు. ఒక చేతిలో బతుకమ్మ, ఇంకో చేతిలో కంకి. గంగాబాయి కింద నిలబడి చూసి, "తల్లి నొసలు బోడిగుంది. బొట్టు లేకుంట ఊరేగిస్తరా?" అంది. అందరూ నవ్వారు. మహేశ్ ఎక్కడికో పోయి ఎర్ర రబ్బరు టోపీ తొడిగిన చిన్న బల్బు తెచ్చి, నొసట బొక్క చేసి గుచ్చి, రెండు తీగలు లాగాడు. బొట్టు వెలిగింది. గంగాబాయి చప్పట్లు కొట్టింది. హరిలాల్ హారన్ కొట్టాడు. బల్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

బొమ్మ ఇప్పుడు మహేశ్ ఇంట్లో, ఎరువు బస్తాల పక్కన ఉంది. హరిలాల్ లోపలికి పోయి నొసటి బల్బు పీకి మహేశ్ ముందు పట్టుకున్నాడు.

"ఏడికెల్లి తెచ్చినవ్రా?"

మహేశ్ బల్బును చూశాడు, బావ ముఖం చూశాడు. "నీ బండిల్దే బావా. గది చెప్పే లైటే గద, చేసే లైటు గాదనుకున్న. అక్కనే అడిగె..."

"అక్క బొట్టు అడిగింది. బల్బు అడగలే. ఇది లేకనే ఆ రాత్రి బ్యాటరీ దిగింది."

మహేశ్ కింద కూర్చొని బావ కాళ్లు పట్టుకున్నాడు. "బావా, నీ కాళ్లు మొక్కుత. అవ్వకు చెప్పకు. నా చేతి బువ్వ తినది. వీరస్వామి మీదనే ఉండనియ్యి. ఆయనకేం, ఇంకో ఊళ్లె పెట్టుకుంటడు."

"రాళ్లేసిననాడు ముందల ఉన్నవ్ గద. ఇప్పుడు గూడ ముందలనే ఉండు. లే."

"అరిచింది నువ్వు గాదా బావా?"

"నేనే. అందుకే నేను గూడ వస్తున్న."

బల్బు బొక్కలో పెట్టి తాళం తిప్పితే ఎర్ర దీపం వెలిగింది. ఇంజన్ లేవగానే ఆరింది. పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకొని, మహేశ్‌ను పక్కన కూర్చోబెట్టుకొని హరిలాల్ గూడూరు పోయాడు. గంగాబాయి కూర్చున్న సీటే అది.

వీరస్వామి పగిలిన బోర్డు కింద ఒక్కడే కూర్చొని ఉన్నాడు. పక్కన చాయ్ దుకాణంలో ఉన్నవాళ్లు తలలు తిప్పారు. ఇంజన్ ఆపకుండానే హరిలాల్ దిగి, అందరికీ వినపడేలా చెప్పాడు. డైనమో మంచిదని, బల్బు తమ ఇంటివాళ్లే పీకారని, తాను అరిచింది అబద్ధమని. మహేశ్ అవతలి తలుపు తీసి దిగాడు. "చెప్పు" అన్నాడు హరిలాల్. "నేనే పీకిన" అన్నాడు మహేశ్.

వీరస్వామి లేచి బానెట్ కిందికి వంగి, బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. లైట్లకేసి చూశాడు.

"చార్జింగ్ ఎక్కుతున్నది" అన్నాడు.

"వీరన్నా..."

"బండి తియ్యి. గిరాకులకు అడ్డమున్నది."

దుకాణం ముందు గిరాకి ఒక్కరూ లేరు. హరిలాల్ బండి తీశాడు.