నంబరు గుడ్డ ఎవరు విప్పారు?

మా బావమరిది సైకిలు రేసు వదిలేసి దిగిపోయాడా, మేమే వాణ్ణి దింపేశామా? మూడు వారాలుగా ఇదే గొడవ. నేను జట్టు మెకానిక్‌ని. ఆ రోజు వాడి వెనకే కారులో ఉన్నాను కాబట్టి నన్నడిగితే తేలిపోతుందని అందరి నమ్మకం. నాకేమో ఆలోచించేకొద్దీ తల తిరిగిపోతోంది.

రేసు మూడో రోజు వడగళ్ల వాన పడింది. మేనేజరు విసిగిపోయి మా నలుగురు రైడర్లనూ వెనక్కి పిలిచేశాడు. సరైన కారణం లేకుండా జట్టు తన రైడర్లను ఆపేస్తే శిక్ష జట్టుకు. రైడరు తనంతట తాను మానేస్తే వాడికి రెండేళ్ల నిషేధం. ముగ్గురి సంగతిలో పేచీ లేదు, పిలుపు విన్నాకే ఆగారు. మావాడు మాత్రం పిలుపుకు కాస్త ముందే ఆగి కారెక్కాడు. "వాడు మేము చెబితే ఆగలేదు" అని జట్టు చేతులు దులుపుకుంది. వాడికి ముప్పై మూడేళ్లు. రెండేళ్లు ఆపితే ఇక సైకిలు గోడకు తగిలించుకోవడమే.

"నీకేం గుర్తుందిరా?" అని అడిగాను.

"చలికి బుర్ర పనిచెయ్యలేదు బావా. కారెక్కడం గుర్తుంది, అంతే. మానేసే ఉంటాను."

మా ఆవిడ నామీద పడింది. "మా తమ్ముడు అలా మానేసే రకమా? అప్పుడు మీ కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

మొదటి వారం దిగాడన్నాను. రెండో వారం దింపామన్నాను. ఆ తర్వాత నోరు మూసుకున్నాను.

విచారణ గదిలో బల్లకు అవతల సైక్లింగ్ సంఘం వాళ్లు ముగ్గురు కూర్చున్నారు. జట్టు లాయరు కవరులోంచి మావాడి నంబరు గుడ్డ తీసి బల్లమీద పెట్టాడు. "మానేసినవాడే వీపు మీది నంబరు విప్పేస్తాడు. ఇది కారులో దొరికింది. ఇంకేం కావాలండీ?"

గుడ్డ నా ముందుకొచ్చింది. నాలుగు పిన్నీసులూ మూసి, ఒకే మూలకు వరసగా గుచ్చి ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను. మా చిన్న జట్టులో జెర్సీలు ఉతికించే పనీ నా నెత్తినే. రోజూ నంబర్లు విప్పి, ఎవరికీ గుచ్చుకోకుండా పిన్నీసులు అలా పెట్టేది నేనొక్కణ్ణే.

"ఇది విప్పింది నేనండీ," అన్నాను.

ముగ్గురిలో మధ్యనున్న అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది. "ఎవరు విప్పమన్నారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. జెర్సీ తడిసి ముద్దయింది. మార్చడానికి తీశాను. అలవాటుగా నంబరు విప్పేసి పక్కన పెట్టాను."

"మరి పొడి జెర్సీకి తగిలించలేదేం?"

"తగిలించబోతుంటేనే మేనేజరు అందర్నీ వచ్చేయమన్నాడు."

"ఇంటికెళ్లేవాడికి జెర్సీ మార్చడం ఎందుకండీ?" అని లాయరు అడ్డొచ్చాడు.

అదే నాకూ అర్థం కాలేదు. ఎందుకు మార్చాను? కారు అద్దాల మీద వడగళ్ల మోత, వాడి పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు, ఆ మధ్యలో వాడి గొంతు. ఒక్కసారిగా వినిపించింది.

"వాడే అడిగాడమ్మా! 'పొడిది తొడిగెయ్ బావా, తొందరగా, వాళ్లు దూరం వెళ్లిపోతున్నారు' అన్నాడు."

ముగ్గురూ ఏదో రాసుకున్నారు. లాయరు తల దించుకున్నాడు. నేను సంబరంగా మావాడి వైపు తిరిగాను. వాడి మొహంలో సంతోషం లేదు.

"అంటే నేను మానలేదా బావా?"

"లేదురా."

"ఇన్ని రోజులూ నన్ను నేనే పిరికివాణ్ణనుకున్నాను," అని వాడు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. వాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాను. మొదటి వారం దిగాడన్నది నేనే కదా, నాకు సిగ్గేసింది.