పది నిమిషాల కునుకు

నేను ఒక నిద్రపోతును. దాచడమెందుకు? పది నిమిషాలకోసారి లేచి, పట్టుపురుగుల షెడ్డులో వేడి ఎంతుందో చూసి, మళ్లీ పడుకునే చిప్‌ను. వేడి సరిగ్గా ఉంటే పచ్చదీపం ఒక్కసారి వెలిగిస్తాను, మితిమీరితే కూత పెడతాను. నా ఉద్యోగం అంతే.

ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టి, వేలమంది తోబుట్టువులతో పాటు రీలుకు చుట్టుకుని ఈ దేశం వచ్చాను. అనంతపురంలో ఇంతియాజ్ అనే ఇంజనీరు నన్ను చిన్న పెట్టెలో బిగించి, మడకశిర దగ్గర హనుమక్క షెడ్డులో వేలాడదీశాడు. అంతకుముందు పంట ఎండకు ఉడికిపోయిందట. "ఇంగో పంట పోతే ఈ షెడ్లో ఆవుల్ని కట్టేస్తానప్పా" అందామె.

నాలో రెండు గడియారాలున్నాయి. పెద్దది సెకనుకు ఎనభై లక్షలసార్లు కొట్టుకుంటుంది. హడావుడీ ఎక్కువే, తిండీ ఎక్కువే. చిన్నది ముప్పై రెండు వేల చిల్లర. నిదానస్తురాలు, బ్యాటరీని ఎంగిలి పడ్డట్టు ముట్టుకుంటుంది. నేను పడుకోగానే పెద్దది ఆగిపోతుంది. ఆగకపోతే బ్యాటరీ వారం కూడా రాదు. అది తెలిసీ ఇంతియాజ్ నన్ను లేపే పని ఆ పెద్దదానికే అప్పగించాడు. కాపలావాడికే జోల పాడాడన్నమాట. ఆయన బల్ల మీద కంప్యూటరు తీగ తగిలించి ఉన్నంతసేపు పెద్దది ఆగలేదు, నేను నిజంగా నిద్రపోలేదు, కాబట్టి తప్పు బయటపడలేదు. షెడ్డులో మొదటి రోజే పడుకున్నాను. మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా లేవలేదు. పై అరలోని పురుగులన్నీ చచ్చిపోయాయి.

పురుగులు పొర విడిచే ముందు తలెత్తి, రోజంతా కదలకుండా ఉంటాయి. ఇక్కడివాళ్లు దాన్ని జ్వరం అంటారు. హనుమక్క ఆ మాటతోనే వాయించింది.

"ఏమప్పా, కాపలాకని తెచ్చి నిద్రపోయేదాన్ని పెట్టినావే! మా పురుగులే నయం. జ్వరానికి కూర్చున్నా టయానికి లేస్తాయి."

నాకు సిగ్గేసింది. ఇంతియాజ్ "తప్పు నాదేనక్కా" అని ఒప్పుకుని, లేపే పని చిన్న గడియారానికి మార్చి వెళ్లాడు. మిగిలిన అరల భారం నా మీద పడింది.

నాలుగో జ్వరం దాటి పురుగులు ఆవురావురుమని ఆకు నములుతున్న రోజులవి. హనుమక్క తోటలో మల్బరీ కోస్తోంది. చిన్న గడియారం తట్టి లేపింది. చూస్తే పురుగులు ఓర్చుకోలేని ముప్పై నాలుగు డిగ్రీలు! గొంతు చించుకుని కూశాను. ఆమె కొడవలి పారేసి పరుగెత్తుకొచ్చి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి బిందెలతో నీళ్లు కొట్టింది. నేను మూడుసార్లు పడుకుని లేచేసరికి షెడ్డు చల్లబడింది. అంత తృప్తిగా నేనెన్నడూ నిద్రపోలేదు.

పురుగులు అల్లిన పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు వెళ్లాయి. షెడ్డులోకి ఆవులు రాలేదు.

నిన్న ఇంతియాజ్ వచ్చాడు. "పంట లేదు కదక్కా, ఒకసారి విప్పి చూస్తాను" అంటూ నా మీద చెయ్యి వేయబోయాడు. హనుమక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"జ్వరానికి కూర్చునిండేదాన్ని కదిలించగూడదప్పా. దానంతట అదే లేస్తాది, ఉండు."

ఇద్దరూ తలలెత్తి, కదలకుండా నిలబడ్డారు. చిన్నది తట్టింది. లేచి, పచ్చదీపం ఒక్కసారి వెలిగించాను.

"సూడు" అంది హనుమక్క.