ఉమ్మడి దరఖాస్తు

తడి దుప్పటి అంచు అందగానే బెర్నడీన్ దాన్ని ఓసారి విదిలించి, కాగుతున్న ఇస్త్రీ యంత్రం రోలర్ల మధ్యకు తోసింది. రెండో అంచు తనతోపాటు పనిచేసే ఒడెస్సా చేతిలో ఉంది. ఆస్పత్రి దుప్పట్లు ఒక్కరివల్ల ఇస్త్రీకి ఎక్కవు. ఇద్దరూ ఒకేసారి వదలాలి, లేకపోతే గుడ్డ వంకరపోతుంది. టొలీడో నగరంలోని ఆస్పత్రి నేలమాళిగలో పందొమ్మిదేళ్లుగా బెర్నడీన్‌ది అదే పని. ఆవిరికి ముంజేతులు ఎర్రబడి, వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి.

“దివాలా కాగితాల మీద సంతకాలు ఇవాళేనా?” అంది ఒడెస్సా.

“నాలుగింటికి.”

“పిచ్చిదానా! ఆ వైద్యం బిల్లులన్నీ మీ ఆయన పేరునే కదే. ఇల్లు మీ అమ్మ నీకిచ్చింది. నువ్వు కూడా దివాలా తీస్తే ఆ ఇంటినీ లెక్కలోకి లాగుతారు.”

“లాయరూ అదే చెప్పాడు.”

“మరింకేం?”

“ముప్పై నాలుగేళ్లు పక్కన పడుకుని, ఇప్పుడు ఆయన సంగతి నాకు తెలీదని రాసివ్వనా? కోర్టులో ఆ పరాయివాళ్ల ముందు ఒక్కడే కూర్చుని జవాబులు చెప్పుకోవాలి.”

“నా మొదటి మొగుడు నాకు రెండే ఇచ్చాడు, ఇంటిపేరూ అప్పులూ. ఇంటిపేరు తిరిగిచ్చేశాను. అప్పులు మాత్రం తీసుకోనన్నాడు దొంగ సచ్చినోడు!”

బెర్నడీన్ నవ్వింది గానీ, నిన్నటి గొడవ మనసులోంచి పోలేదు. గాజు ఫ్యాక్టరీ కొలిమి ఆమె భర్త చెస్టర్ ఊపిరితిత్తులను ఎప్పుడో తినేసింది. ఆక్సిజన్ గొట్టం లేకుండా స్నానాలగది దాకా కూడా పోలేడు. అయినా రాత్రి భోజనం దగ్గర చెంచా విసిరికొట్టాడు.

“నా గోతిలో నువ్వెందుకే బెర్నీ? రేపు నేనే పోయి దరఖాస్తులోంచి నీ పేరు కొట్టేయిస్తా.”

“పోదువుగానిలే. ముందా సూప్ తాగు,” అంది.

తెల్లారి ఐదున్నరకు ఆమె బయల్దేరేటప్పుడు చెస్టర్ గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఇంకా అలకే అనుకుంది. దుప్పటి భుజాల దాకా లాగి, అలవాటు చొప్పున అంచులను పరుపు కిందికి బిగించి దోపి వచ్చేసింది.

పదకొండింటికి ఒడెస్సా కాఫీకి వెళ్లింది. పరధ్యానంలో బెర్నడీన్ ఒక్కతే దుప్పటి అందించింది. అది వంకరపోలేదు. అవతలి అంచు ఎవరో పట్టుకున్నట్టు బిగువుగా, ఒక్క ముడత లేకుండా దొర్లిపోయింది. అటు వైపు ఆవిరి తప్ప ఏమీ లేదు. ఆమె చేతులు తుడుచుకుంది, ఒడెస్సా వచ్చేదాకా ఇంకో దుప్పటి ముట్టలేదు.

నాలుగింటికి లాయర్ ఆఫీసు మెట్లు రెండంతస్తులు ఎక్కేసరికి ఆమెకే ఆయాసం వచ్చింది. గుమస్తా అమ్మాయి గ్రెటా తలెత్తింది.

“మీరెందుకు శ్రమపడ్డారమ్మా? మీవారు పొద్దున్నే వచ్చి వెళ్లారుగా.”

“ఎవరు?”

“చెస్టర్ గారు. పదింటికి. మీ పేరు తీసేయించి తన ఒక్కరి పేరునే రాయించారు. కోర్టుకు పంపించేశాం కూడా. ఇదిగో నకలు, దీనిమీద కూడా సంతకం పెట్టారు.”

“మెట్లెక్కాడా? ఆక్సిజన్ సిలిండర్ ఎవరు మోశారు?”

“సిలిండరా? చేతిలో ఏమీ లేదమ్మా. పెద్దగా మాట్లాడనే లేదు. హీటర్ పక్కన కూర్చోమంటే, చలి వెయ్యట్లేదన్నారు.”

బెర్నడీన్ కాగితం చూసింది. ఒక్కటే పేరు. కింద సంతకం ఆయనదే. దాన్ని తిరగేసి, అరిగిన వేలితో వెనకవైపు తడిమింది. గీతలు ఎత్తుగా తగిలాయి. చెస్టర్ ఎప్పుడూ అంతే, కలాన్ని కాగితంలోకి దిగేసి రాస్తాడు.

ఇంటికొచ్చేసరికి ఆక్సిజన్ మెషిన్ దానంతట అది బుస్సు బుస్సుమంటూనే ఉంది. చెస్టర్ గోడవైపే తిరిగి ఉన్నాడు. పొద్దున ఆమె దోపిన దుప్పటి అంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చెంప ముట్టుకుంది. తర్వాత ఫోన్ చేసింది.

అంబులెన్స్‌లో వచ్చినాయన చెస్టర్ చెయ్యి వంచి చూడబోయాడు. అది వంగలేదు.

“తెల్లవారకముందే పోయారమ్మా. మూడు, నాలుగు మధ్య అయ్యుండొచ్చు. పగలు ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా?”

“ఎవరూ లేరు,” అందామె. నకలును మడిచి కోటు జేబులో లోపలికంటా తోసింది.

ఆయన్ని కిందికి దించుతుంటే దారివ్వడానికి గుమ్మం పక్కకు జరిగింది. కాలికేదో తగిలింది. సెప్టెంబర్ నుంచి తొడగని చెస్టర్ బూట్లు. పక్కపక్కన పొందిగ్గా విప్పి ఉన్నాయి. వాటి అంచుల వెంబడి, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఎడమ మడమ కింద మంచుముక్క ఒకటి ఇంకా కరగలేదు.