మలుపు దగ్గర గోడ

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉన్న మలుపులో అతను గోడకి మోచెయ్యి ఆనించి మూరలు కొలుస్తున్నాడు. రెండు మూరలు, ఆపైన జానెడు, ఆపైన నాలుగు వేళ్ళు. కంపెనీ ఇచ్చిన టేపు జేబులోనే ఉంది. టేపు చెప్పింది కంటికి అర్థమవుతుంది గానీ ఒంటికి అర్థం కాదని అతని నమ్మకం. మోసేది ఒళ్ళు కాబట్టి కొలవాల్సింది కూడా ఒళ్ళే.

అతన్ని అందరూ నిదానం అంటారు. ఇళ్ళు మార్చే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా సామాను మోస్తున్నాడు. బరువు చేతిలో ఉన్నంతసేపూ అవతలి కొస పట్టుకున్న మనిషికి "నిదానం, నిదానం" అని చెబుతూనే ఉంటాడు. ఆ మాటే పేరై అతికింది. పొట్టి మనిషి, మెడ లావు. సామాను కట్టే పట్టీ మోసీ మోసీ కుడి భుజం ఎడమ భుజం కన్నా ఒక వేలు కిందికి దిగింది. ఏ చొక్కా కొన్నా ముందు కుడి భుజం దగ్గరే చిరుగుతుంది. ఇన్నేళ్ళలో అతని చేతి మీద ఒక్క అద్దం పగల్లేదు, దింపలేక వదిలేసిన సామాను ఒక్కటీ లేదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పడు. ఎవరైనా చెబుతుంటే మాత్రం అక్కణ్ణుంచి కదలడు.

ఏ ఇంటికి వెళ్ళినా సామాను ముట్టుకునే ముందు ఒకసారి ఖాళీ చేతులతో మెట్లెక్కి దిగుతాడు. అంతా లారీకి ఎక్కించాక మళ్ళీ ఒకసారి ఖాళీ చేతులతో ఎక్కి, గదులు చూసి దిగుతాడు. ఇప్పుడు మొదటి విడత నడుస్తోంది. మెట్లు ఇరుకు, రెయిలింగు పాతది, మలుపు మరీ పిసినారి మలుపు.

అక్కడే గోడ మీద పెన్సిలు గీతలు కనిపించాయి. మోకాలి ఎత్తు నుంచి అతని తల దాకా చిన్నచిన్న అడ్డగీతలు, పక్కన తేదీలు. రెయిలింగుకి, దెబ్బలకి కట్టే గాజుగుడ్డ పేలికతో కట్టిన పెన్సిలు ముక్క ఒకటి వేలాడుతోంది. మెట్ల గోడంతా సున్నం తెల్లగా ఉంది గానీ ఆ గీతలున్న రెండు జానల వెడల్పు మేర పాత పసుపురంగే మిగిలిపోయింది. నిదానం వంగి గీతలన్నీ చూశాడు. ఎవడో మనవాడే, ముందెప్పుడో వచ్చి మలుపు కొలుచుకున్నాడు అనుకున్నాడు. బల్లకొక గీత, మంచానికొక గీత. ఇంత శ్రద్ధగా కొలిచినవాడు పనిమంతుడై ఉండాలి. ఎవడా అని కాస్త అసూయ కూడా కలిగింది.

"బావా, గోడలో ఏమన్నా నిధి దొరికిందా?" కింద నుంచి బావమరిది అరిచాడు. అతని భార్యకి తమ్ముడు. తొమ్మిదేళ్ళుగా బరువుకి అవతలి కొస అతనిదే.

"వస్తున్నా."

ఆ రోజు నిదానానికి ఈ పనితోపాటు ఇంకో పని కూడా ఉంది. సాయంత్రం ఐదింటిలోగా ఇంటి బ్రోకరుకి ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్ళూ భార్య, ఇద్దరాడపిల్లలు సొంతూళ్ళో ఉన్నారు. అతనూ బావమరిదీ కంపెనీ గోడౌను వెనక గదిలో ఉన్నారు. పెద్దదానికి ఇక్కడి కాలేజీలో సీటు వచ్చింది. వస్తే అందరం కలిసే వస్తామంది భార్య. ఇల్లు చూసే పని అతనికి వదిలేసి, ఒక్కటే షరతు పెట్టింది.

"నువ్వు పొద్దున పోతే పొద్దుగూకి వస్తావు. పెద్దది కాలేజీకి, చిన్నది బడికి పోతాయి. అంత పెద్ద ఊళ్ళో పగలంతా నేనొక్కదాన్నే. పిలిస్తే పలికే మనిషి పక్కనుండాలి. అంతే."

అతను తొమ్మిది ఇళ్ళు చూసి ఒకటి మనసులో ఖాయం చేసుకున్నాడు. కొత్త కట్టడం, లిఫ్టు ఉంది. లిఫ్టు లేకపోయినా చింత లేదు, మెట్లు అంత విశాలం. ఆ పొద్దున్నే భార్యకి ఫోన్లో గర్వంగా చెప్పాడు.

"మూడు తలుపుల బీరువా నిలువునా ఎక్కేస్తుంది, తెలుసా."

"మనకి బీరువా ఎక్కడుంది?" అంది.

నిదానం ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషను. వాటికి అన్నేసి మెట్లెందుకు? పక్కింట్లో ఎవరుంటారో చెప్పు."

అది అతనికి తెలియదు. అదే ఇంటి నుంచి మూడు కుటుంబాల సామాను దింపాడు. మెట్ల అంగుళాలన్నీ చెప్పగలడు. పక్కింట్లో ఎవరుంటారో మాత్రం తెలియదు. పక్కనే పళ్ళు తోముకుంటున్న బావమరిది అంతా విని, "మా అక్క బీరువాలో కాపురం చెయ్యదులే బావా" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట అతని మనసులో చెప్పులో రాయిలా ఉంది.

మూడో అంతస్తులో ఖాళీ చేస్తున్న ఆవిడని ఆ వీధంతా నర్సమ్మ అంటారు. డెబ్భై దాటింది. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు బిగించి ముడేసింది. గొంతు మాత్రం పెద్ద వార్డు ఈ కొస నుంచి ఆ కొసకి వినపడేలా ఉంటుంది. పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ, ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ రెండు గదుల్లోనే ఉంది. మోకాళ్ళు మూడంతస్తులు ఒప్పుకోవడం లేదని ఇప్పుడు వేరే ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళుతోంది. సర్దిన పెట్టెలన్నిటి మీదా కాగితాలు అతికించింది. ఒకదాని మీద 'అత్యవసరం' అని రాసుంది. బావమరిది మందులేమో అనుకుని గాజుబొమ్మలా పట్టుకున్నాడు. మూత జరిగితే లోపల టీ గిన్నె, రెండు గ్లాసులు ఉన్నాయి.

"అదే అత్యవసరం బాబూ. తక్కినవన్నీ రేపు చూసుకోవచ్చు" అంది నర్సమ్మ.

పని మొదలైంది. మంచం దిగింది, బల్ల దిగింది. నిదానం కింది కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ, బావమరిది పైన పట్టుకుని, మలుపులో మంచపు కోళ్ళు గోడకి తగలకుండా వేలెడు సందులో తిప్పారు. రెండో అంతస్తు దాటుతుంటే అతనికి ఏదో తేడాగా అనిపించింది. అక్కడ వాకిట్లో ఉండాల్సిన చెప్పుల స్టాండు లేదు. పొద్దున కొలిచినప్పుడు ఉంది. అది తీయమని అడగాలని కూడా అనుకున్నాడు. అడగకముందే ఆ ఇంటావిడ లోపలికి జరిపేసి, తలుపు బార్లా తెరిచి పక్కకి నిలబడింది. మొదటి అంతస్తులో దర్జీ మిషను ఆపి వచ్చి తన సైకిలు వీధిలో పెట్టాడు. ఆ పక్క వాటా పెద్దాయన వీధి తలుపు కాలితో అదిమిపట్టి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు.

నిదానానికి తెలిసిన లోకం వేరు. ఖాళీ చేసే రోజున మెట్ల మీద తలుపులు తెరుచుకోవు. తలుపుకున్న చిన్న అద్దపు కన్ను మాత్రం మసకబారుతుంది, లోపల ఎవరో నిలబడి చూస్తున్నారన్నమాట. తను ఖాయం చేసుకున్న ఆ లిఫ్టు ఇంట్లోనే ఒకసారి ఫ్రిజ్జు పట్టీ జారి, బావమరిది కాలి మీదికి వచ్చింది. ఎవరైనా ఒక్క చెయ్యి వెయ్యండని నిదానం గట్టిగా కేకేశాడు. నాలుగు అద్దపు కళ్ళు మసకబారాయి, ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అప్పుడది అతనికి వింతగా తోచలేదు. మెట్లు వెడల్పుగా ఉండబట్టి గండం తప్పిందనుకున్నాడు.

నాలుగో విడత దిగేసరికి తను తలుపులు లెక్కపెడుతున్నట్టు అతనికే తెలిసింది. నర్సమ్మది కాక ఎనిమిది వాటాలు. ఏడు తెరిచున్నాయి. ఎనిమిదోదానికి తాళం. వాళ్ళు మొగుడూ పెళ్ళాం పనికి పోతూ నర్సమ్మ తలుపుకి చీటీ అంటించి వెళ్ళారు. ఆవిడ అది పైకే చదివింది. "అక్కా, సాయంత్రం దాకా ఆగితే మేమూ వచ్చి సాగనంపుతాం. ఆగకపోతే ఉత్తరం రాయండి. రాయకపోతే నేను బీపీ మాత్రలు మానేస్తాను." చదివి, "వీడి బెదిరింపులు నాకా" అని చీటీ మడిచి చేతిసంచిలో దాచుకుంది.

చివరికి బీరువా మిగిలింది. ఆకుపచ్చ రంగు ఇనపది, ఒక తలుపుకి నిలువుటద్దం. అప్పట్లో బాల్కనీకి ఊచలు లేనప్పుడు తాళ్ళు కట్టి వీధిలోంచి పైకి లాగారట. నిదానం దాన్ని నాలుగు వైపులా నిమిరి, మలుపు దాకా వెళ్ళొచ్చాడు.

"ఇది దిగదు బావా" అన్నాడు బావమరిది.

"దిగని బీరువా ఉండదు. దింపడం రాని మనిషుంటాడు."

రెయిలింగు బోల్టులు రెండు విప్పి, బీరువాని వెల్లకిలా పడుకోబెట్టి, మలుపులో తలకిందులుగా లేపితే దిగుతుంది. అతని కళ్ళకి అది దిగుతున్నట్టే కనబడుతోంది కూడా. భుజానికి పట్టీ వేసుకున్నాడు.

"నిజం చెప్పు, ఏమీ పాడవకుండా దిగుతుందా?" అంది నర్సమ్మ.

"బీరువాకి గీత పడదమ్మా. అద్దానికీ పడదు. మలుపు దగ్గర గోడ మాత్రం కాస్త గీరుకుంటుంది. అదిగో, ఆ పెన్సిలు గీతలున్నచోట. పెచ్చు ఊడచ్చు."

నర్సమ్మ నాలుగు మెట్లు దిగి మలుపులో నిలబడింది. "అయితే వద్దు. బీరువా ఉండనీ" అంది.

"గోడ మళ్ళీ పూసెయ్యచ్చమ్మా."

"పూస్తే మళ్ళీ వీళ్ళని ఎక్కణ్ణుంచి తేను?" ఆవిడ గోడ మీద వేలు పెట్టింది. "ఈ మెట్ల మీద పెరిగిన పిల్లలందరూ ఇక్కడున్నారు. ఏడాదికోసారి చెప్పులు విప్పించి, గోడకి నిలబెట్టి గీసేదాన్ని. పెరగని పిల్లలుంటే వాళ్ళమ్మని తిట్టేదాన్ని. ఇదిగో, ఇది కింది దర్జీ. ఇది వాడి కూతురు. పోయినేడు వాణ్ణి దాటేసింది. నాలుగుసార్లు సున్నాలు వేశారు, ఒక్కళ్ళూ ఇటు కుంచె పెట్టలేదు."

నిదానం నోరు తెరిచి గోడ వంక చూశాడు. తర్వాత తలొంచుకుని, "మాలాంటివాడెవడో మలుపు కొలుచుకున్నాడనుకున్నానమ్మా" అన్నాడు.

ఆ పూట నర్సమ్మ నవ్వడం అదే మొదలు. "కొలిచింది నేనే. మోసింది వాళ్ళమ్మలు" అంది.

అతను భుజం మీది పట్టీ తీసి చుట్టాడు. ఇరవై రెండేళ్ళలో దింపకుండా వదిలేసిన మొదటి బీరువా ఇది. బాధ కలుగుతుందనుకున్నాడు, కలగలేదు. దింపగలిగీ ఊరుకోవడం కూడా పనితనమేనని అతనికి మొదటిసారి తెలిసింది, ఛాతీ కాస్త పొంగింది కూడా. పొద్దుట్నుంచీ మనసులో ఉన్న రాయి ఎప్పుడు పోయిందో పోయింది.

"ఈ ఇల్లు ఎవరికైనా ఇస్తామని మాటిచ్చారా అమ్మా?" అని అడిగాడు.

"ఇంటాయన కిందే ఉన్నాడు, అడుగు."

ఇంటాయన వీధి తలుపు అదిమిపట్టిన ఆ పెద్దాయనే. కాలు తీయకుండానే అంతా విన్నాడు. బ్రోకరు చెప్పిన ఇంటికీ దీనికీ అద్దెలో పెద్ద తేడా లేదు.

"సామానెంత?" అన్నాడు.

"ఒక ట్రంకుపెట్టె, కుట్టుమిషను. బీరువా పైనే ఉందండి."

వెనక బావమరిది నవ్వాపుకోలేక దగ్గాడు. చెప్పుల స్టాండు జరిపిన ఆవిడ మెట్ల మీంచి వంగి, "పిల్లలెంతెంత?" అంది.

నిదానం చెయ్యి ముందు తన భుజం దగ్గర పెట్టాడు. "పెద్దది ఇంత." తర్వాత పొట్ట దగ్గరికి దించాడు. కాస్త ఆలోచించి, నాలుగు వేళ్ళు పైకి జరిపాడు. "చిన్నది ఇంత. అంటే, పోయినసారి వెళ్ళినప్పుడు. ఇప్పుడెంతో మరి." ఊళ్ళో ఉన్న బీరువాలన్నిటి ఎత్తూ చెప్పగలిగిన మనిషి, ఆ ఒక్క లెక్క దగ్గర తడబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. ఇంటాయన తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

మూడున్నరకి నర్సమ్మ దిగింది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి దర్జీ భుజానికి. మలుపులో ఆగింది. చేతిసంచిలోంచి చిన్న బ్లేడు తీసి, వేలాడుతున్న పెన్సిలుని పట్టుకుని చెక్కింది. పొట్టు కింద పడకుండా అరచేతిలోనే పట్టింది. మొన బొటనవేలితో చూసుకుని వదిలేసింది.

"చిన్నదాన్ని చెప్పులు విప్పించి నిలబెట్టు. చెప్పులతో కొలిస్తే దొంగ లెక్క" అంది నిదానంతో. "మీ ఆవిడని వచ్చిన రోజే ఒక తలుపు తట్టమను. తట్టకపోతే వాళ్ళే వచ్చి తడతారనుకో."

లారీ ముందు సీట్లో డ్రైవరుకీ బావమరిదికీ మధ్య కూర్చుంది. అవతల దింపడానికి ఆ ఊరి మనుషులుంటారు కాబట్టి నిదానం ఆగిపోయాడు. ఏడు వాటాల వాళ్ళూ వీధిలో నిలబడ్డారు. దర్జీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సమ్మ 'అత్యవసరం' పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూసింది. లారీ మూల తిరిగింది.

నిదానం ఖాళీ చేతులతో మూడంతస్తులు ఎక్కాడు. గదులు ఊడ్చి ఉన్నాయి, కిటికీ గొళ్ళెం వేసి ఉంది. బ్రోకరు ఫోను చేస్తే, ఇల్లు దొరికింది, ఏమీ అనుకోవద్దన్నాడు. తర్వాత భార్యకి చేశాడు.

"ఇల్లు ఖాయం చేశా."

"మెట్లెలా ఉన్నాయేం?"

"ఇరుకు. బీరువా దిగదు."

"మరెందుకు తీసుకున్నావ్?"

"ఏడు తలుపులు తెరిచున్నాయి. ఎనిమిదోవాళ్ళు సాయంత్రం వస్తారు." అతను తలుపులోంచి మెట్ల వైపు చూశాడు. "పిలిస్తే పలుకుతారు. పిలవకపోయినా పలుకుతారు."

అవతల ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "నువ్వు చూశావంటే మంచిదే అయ్యుంటుందిలే" అంది. ఇన్నేళ్ళలో ఏ యజమానీ ఇవ్వని మెప్పు అది.

"చిన్నది ఎంతెత్తుంది?" అన్నాడు.

"ఉండు, కొలిచి చెబుతా."

"వద్దు. అక్కడ కొలవద్దు."

తాళం వేసి దిగుతూ మలుపు దగ్గర ఆగాడు. గోడ మీద, పొట్టకి నాలుగు వేళ్ళ పైన, ఏ గీతా లేని చోటు ఒకటుంది. దాని పక్కనే గాజుగుడ్డ పేలికకి, కొత్తగా చెక్కిన పెన్సిలు ముక్క ఇంకా మెల్లగా ఊగుతోంది.