నాలుగో నంబరు కెమెరా

మంగళవారం ఉదయం 10.40కి నాచారంలోని ఒక ప్రసూతి ఆసుపత్రి మూడో అంతస్తులో రాణి మంచం ముందు నర్సు ట్యాబ్ పెట్టింది. తెర నల్లగా ఉండిపోయింది.

రాణి వయసు ఇరవై మూడు. ముందురోజు సాయంత్రం ఆమెకు ఫిట్స్ వచ్చాయి. పూర్తి మత్తు ఇచ్చి, 6.12కి ఆపరేషన్ చేసి మగబిడ్డను తీశారు. ఆమెకు తెలివి వచ్చేసరికి బిడ్డ మొదటి అంతస్తులోని పసిపిల్లల ఐసీయూలో ఉన్నాడు. పేగులో అడ్డు ఉందని డాక్టర్లు చెప్పారు. మధ్యాహ్నం 12.30కి ఆపరేషన్ కోసం అతన్ని నగరంలోని మరో ఆసుపత్రికి పంపాలి. బీపీ తగ్గనందువల్ల రాణి మంచం దిగకూడదు. ఐసీయూలోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. బిడ్డను ఆమె ఇంకా చూడలేదు.

ఇలాంటి తల్లుల కోసమే ఆసుపత్రి ఐసీయూలో ప్రతి బెడ్ దగ్గర ఒక కెమెరా పెట్టింది. బిడ్డ ఉన్న బెడ్ తల్లి ట్యాబ్‌లో కనిపిస్తుంది.

"గిది ఖరాబైందా సిస్టర్?" అని రాణి అడిగింది.

"కాదమ్మా, జర ఆగు. ఉప్పల్‌కు ఫోన్ చేస్తున్నరు."

ఆసుపత్రి సర్వర్లు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరి ఆఫీసులో ఉన్నాయి. వాటిని చూసే ఉద్యోగి పేరు ప్రవీణ. 10.52కి ఆమెకు ఫోన్ వచ్చింది. 10.58కి ఆమె సర్వర్‌లో జరిగిందంతా నమోదయ్యే లాగ్ తెరిచింది.

ఆ సర్వర్‌లో ఏ తల్లికి ఏ వీడియో తెరవాలో చెప్పే పాలసీ ఒకటి ప్రవీణ రెండేళ్ల కిందట రాసి పెట్టింది. ప్రతి కెమెరాకు అది ఉన్న బెడ్ నంబరుతో ఒక లేబుల్. ప్రతి తల్లి ట్యాబ్ వెనక నడిచే ప్రోగ్రామ్‌కు ఆమె బిడ్డ బెడ్ నంబరుతో ఒక లేబుల్. రెండూ కలిస్తేనే వీడియో తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్ ఎవరి ఖాతాతో నడిచినా, అడ్మిన్ ఖాతాతో నడిచినా, కలవని లేబుల్‌ను దాటలేదు. ఆ తనిఖీ సర్వర్ లోపలే జరుగుతుంది. దాన్ని మొత్తంగా ఆపడానికి ఒక కమాండ్ చాలు.

లాగ్‌లో మూడు సంగతులు ఉన్నాయి. ఉదయం 6.31కి నాలుగో బెడ్ నుంచి కెమెరా తీసేశారు. 6.38కి ఏడో బెడ్ దగ్గర ఒక కెమెరా మొదలైంది. 10.40కి రాణి ప్రోగ్రామ్ నాలుగో కెమెరా కోసం వెతికింది, దొరకలేదు, ఒకటో కెమెరాను తెరవబోయింది. పాలసీ తెరవనివ్వలేదు. ఐసీయూలో ఒకటే కెమెరా ఉన్న రోజుల్లో రాసిన ప్రోగ్రామ్ అది. తనది దొరక్కపోతే మొదటిదాన్ని తెరుస్తుంది.

11.05కి ఆసుపత్రి మేనేజర్ జనార్ధనరావు ఫోన్ చేశాడు.

"ప్రవీణా, ఆ సెక్యూరిటీ ఏదో పెట్టినవ్ గద, అది జర ఆపరాదమ్మా. పదంటే పది నిమిషాలు. తల్లి కొడుకును సూసుకుంటది, మళ్ల పెట్టుకో."

"ఆపితే తెర వెలుగుతది సార్. అండ్ల కనపడేది ఆమె కొడుకు కాదు."

"మరెవరు?"

"ఒకటో బెడ్. రాజశ్రీ గారి పాప."

అవతల జనార్ధనరావు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"రాణి తన కొడుకును ఇంకా సూడలే సార్. ఎవరిని సూపెట్టినా నమ్ముతది."

"సరే. మరేం జేద్దాం?"

"బెడ్ నంబర్ ఎంత సార్?"

"నాలుగు. కేస్ షీట్ నా చేతుల్నే ఉంది."

"నాలుగుల కెమెరా లేదు."

"ఎట్ల లేదు? ఇప్పుడే అద్దంల నుంచి సూసొచ్చిన. బిడ్డ నెత్తి మీదనే ఉంది, లైటు గూడ వెలుగుతుంది."

"ఏడోది సూసిన్రా, నాలుగోది సూసిన్రా?"

"బిడ్డను సూసిన తల్లీ. నంబర్ ఎవరు సూస్తరు?"

ఏడో బెడ్ రికార్డులో ఖాళీగా ఉంది. అక్కడున్నది రాణి బిడ్డే కావచ్చు. కాకపోవచ్చు. తల్లి ప్రోగ్రామ్‌కు వేరే బెడ్ లేబుల్ ఇవ్వాలంటే నర్సు బిడ్డ కాలి ట్యాగ్ చదవాలి, అడ్మిన్ పక్కనే ఉండి విని ఎక్కించాలి. ఫోన్‌లో కుదరదు. ఆ నిబంధన రాసింది కూడా ప్రవీణే.

"నేనే వస్తున్న సార్," అంది.

11.17కి స్కూటీ తీసింది. ఉప్పల్ చౌరస్తాలో రెండు సిగ్నళ్లు పడేదాకా ఆగింది. హబ్సిగూడ మీదుగా తిరిగి 11.46కి ఆసుపత్రి చేరింది. జనార్ధనరావు లిఫ్ట్ తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. లోపల ఇద్దరు ఆయన్ను తిడుతున్నారు.

"తిట్లు అయినంక తింటలే. నువ్వు ఎక్కు," అన్నాడు.

ఐసీయూలో ఉదయం నుంచి డ్యూటీలో ఉన్న నర్సు సారలమ్మ. పందొమ్మిదేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. ప్రవీణ చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, తుడిచిన లాప్‌టాప్‌తో లోపలికి వెళ్లింది.

"అక్కా, రాణి బాబు ఏ బెడ్ల ఉన్నడు?"

"ఏడుల."

"షీట్ల నాలుగు ఉంది."

"పొద్దుగాల నాలుగోది వేడి ఎక్కుడు బందైంది. పిల్లగాడు సల్లబడుతుండు. ఎత్తుకొని ఏడుల ఏసిన. రాసేటందుకు చెయ్యి ఖాళీ ఎక్కడిది?"

"కెమెరా గూడ నువ్వే తెచ్చినవా?"

"తేనా మరి? థర్మామీటరు, స్టెత్, టేపు, కెమెరా, అన్ని తెచ్చిన. ఒక బిడ్డ సామాను ఇంకో బిడ్డకు ముట్టనియ్యం. ఈడ పద్ధతి అది."

ఐసీయూలో ఇన్ఫెక్షన్ పాకకుండా పాటించే పద్ధతి అది. బిడ్డ బెడ్ మారితే బిడ్డకు వాడే ప్రతి వస్తువూ వెంట వెళ్తుంది. పాలసీ రాసినప్పుడు ఆ సంగతి అడగమని ప్రవీణకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

"ఏం, తప్పు జేసిన్నా?" అని సారలమ్మ అడిగింది.

"నేను జేసిన అక్కా. కెమెరా మంచానిదనుకున్న."

"మంచానికి కెమెరా ఎందుకే పిల్లా?"

సారలమ్మ ఏడో బెడ్ దగ్గరకు వెళ్లి బిడ్డ కాలి ట్యాగ్ చదివింది. తల్లి పేరు, పుట్టిన సమయం, నంబరు. ప్రవీణ ఒక్కొక్కటీ తిరిగి పలికింది. మూడూ రాణి కేస్ షీట్‌తో కలిశాయి. రాణి ప్రోగ్రామ్‌కు ఏడో లేబుల్ ఇచ్చింది. పాలసీ నడుస్తూనే ఉంది. 12.04కి లాప్‌టాప్ మీద వీడియో వచ్చింది.

మూడో అంతస్తులో రాణి ఎడమ చేతికి డ్రిప్, కుడి చేతికి బీపీ పట్టీ ఉన్నాయి. ట్యాబ్‌ను ప్రవీణ పట్టుకుంది. రాణి భర్త శివ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. బిడ్డ వెంట అంబులెన్సులో వెళ్లేది అతనే. చేతిలో సంచితో మంచం పక్కన నిలబడ్డాడు.

రాణి చాలాసేపు తెర చూసింది.

"మేడం, గిది మావోడేనా?"

"మీవోడే. కాలి ట్యాగ్ చదివిపిచ్చుకొని వచ్చిన."

"ముక్కు మా నాయినది," అన్నాడు శివ.

"ముక్కుకు పైపే ఉండె. నీకేం కనపడ్డది?"

"పైపు ఎనకాల ముక్కు ఉండదా?"

రాణి నవ్వబోయి, కుట్లు లాగి ఆపుకుంది. తర్వాత ట్యాబ్‌ను కొంచెం దగ్గరకు తెమ్మంది. ప్రవీణ తెచ్చింది.

"ఏందయ్యా, చెయ్యి చెంప కింద పెట్టుకున్నడు," అంది రాణి. "గట్లనే పండుకుంటడా?"

శివ తెలియదన్నాడు. తను అద్దంలోంచి చూసినప్పుడు కాళ్లే కనిపించాయన్నాడు.

"నెత్తికి టోపీ లేదు మేడం. సలి పెట్టదా?"

"పైన హీటర్ ఉంటదమ్మా. ఎచ్చగనే ఉంటడు."

"టోపీ సంచిల ఉంది. తీస్కపో," అని రాణి భర్తకు చెప్పింది. ఆ మాట రెండుసార్లు చెప్పింది. ప్రవీణ చేతులు నొప్పి పుట్టి ఒకసారి ట్యాబ్‌ను మార్చి పట్టుకుంది. మిగతా సమయమంతా కదల్చలేదు.

12.23కి సారలమ్మ చేతులు తెర మీదకు వచ్చాయి. బిడ్డను ప్రయాణానికి సిద్ధం చేస్తున్నాయి. 12.25కి వీడియో ఆగింది. 12.33కి అంబులెన్సు గేటు దాటింది. శివ అందులో ఉన్నాడు.

రెండు గంటలకు సారలమ్మ షీట్‌లో నాలుగు కొట్టేసి ఏడు రాసి సంతకం పెట్టింది. ప్రవీణ ఉప్పల్ వెళ్లి పాలసీ మార్చడం మొదలుపెట్టింది. ఇకమీదట కెమెరా లేబుల్ బెడ్‌ది కాదు, బిడ్డది. సాయంత్రం ఆరుకు ఆ పని సగమైంది.

6.50కి శివ రాణికి ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయిపోయిందని, బిడ్డ వెంటిలేటర్ మీద ఉన్నాడని, రెండు రోజులు ఏమీ చెప్పలేమని డాక్టర్ అన్నాడని చెప్పాడు.

"చెయ్యి చెంప కిందనే పెట్టుకున్నడా?" అని రాణి అడిగింది.

శివ ఫోన్ పట్టుకునే తలుపు అద్దం దగ్గరకు వెళ్లి చూశాడు. రెండు చేతులూ చాపి ఉన్నాయని, ఒకదానికి డ్రిప్ ఉందని, టోపీ వేశారని చెప్పాడు.