మట్టిలోంచి తీసిన మందు

ఆ ఉదయం రాధికకు కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. ఆత్మకూరు కాలేజీ ల్యాబులో గాజు గొట్టం అడుగు నుంచి ఎంజైము నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. రక్తం గడ్డను కరిగించే ఎంజైము అది. శుద్ధి చేస్తుండగానే రెండుసార్లు వేడికి పాడైపోయింది. ఈసారీ పోతే మూడేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే. అందుకే ఏడు కాకముందే వచ్చి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి సొరుగులో పడేసింది.

ఆ ఎంజైము పుట్టింది వాళ్లింటి మట్టిలోనే. ఉదయగిరి దగ్గర వాళ్ల గొర్రెల దొడ్డి పక్కన ఏటా దేవరకు పొట్టేలును కోసే చోటు ఒకటుంది. తాతల నాటి నుంచి నెత్తురు తాగిన నేల. నెత్తురు గడ్డను తిని బతికే సూక్ష్మజీవులు అక్కడ ఉంటాయని రాధిక మట్టి అడిగితే, నాయన ఆదెయ్య చెప్పులు విడిచి, దండం పెట్టి, గడ్డపారతో తానే తవ్వి ఇచ్చాడు. ఇందులోంచి గడ్డలు కరిగించే మందు తీస్తానని ఆమె గొప్పగా చెప్పింది. ఆ మందు మనిషి దాకా రావడానికి పదేళ్లయినా పడుతుందని మాత్రం చెప్పలేదు. ఆయన ముఖం అలా వెలిగిపోతుంటే ఎవరికైనా నోరెలా వస్తుంది? ఆయన ఊరంతా చాటుకున్నాడు.

పదిన్నరకు ల్యాబు ముందు కారు ఆగింది. వెనక సీట్లో ఆదెయ్య. మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. ఏడింటికి గొర్రెలు తోలబోతూ కూలబడ్డాడని తల్లి మాలకొండమ్మ చెప్పింది. తొమ్మిదింటి దాకా ఫోన్ చేసి చేసి, చివరికి కారు మాట్లాడుకుని వచ్చారట. పక్షవాతమని రాధికకు చూడగానే తెలిసిపోయింది. గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. అంటే పదకొండున్నర. ఆ ఇంజక్షన్ దొరికే నెల్లూరు ఇంకా గంటన్నర దూరం.

“చూస్తా నిలబడినావేందే? ఆ మందు తెచ్చి పొయ్యి,” అంది మాలకొండమ్మ.

“అది గాజు పళ్లెంలో చూసుకునేదానికేమ్మా. ఒంట్లోకి పోతే ప్రాణమే తీస్తాది.”

“మరి మూడేండ్లుగా ఏం చేసినావు?”

రాధిక ల్యాబు తలుపు కూడా వేయకుండా కారెక్కింది. సంగం దగ్గర లారీల వెనక ఇరుక్కుంటే దిగి పరుగెత్తాలనిపించింది. వాచీ చూడకూడదనుకుంటూనే చూసింది. డ్రైవరును కసిరింది, తల్లిని కసిరింది. అసలు కోపం సొరుగులో ఫోన్ పడేసిన తన చేతి మీదే.

నెల్లూరులో స్కానింగ్ అయ్యేసరికి పన్నెండున్నర. మెదడులో గడ్డేనని, ఇంజక్షన్ వేళ దాటిపోయిందని డాక్టరు చెప్పాడు. ప్రాణానికి భయం లేదట. చెయ్యి, మాట మళ్లీ వస్తాయని మాత్రం చెప్పలేనన్నాడు.

బయట బెంచీ మీద రాధిక తల్లిని నిలదీసింది, పొద్దున్నే 108కి ఎందుకు చెప్పలేదని.

మాలకొండమ్మ గొంతు తగ్గించి చెప్పింది. “బండి వచ్చిందే. మీ నాయనే ఎక్కనని మొండికేసి పంపించేసినాడు. నా బిడ్డ ఉండాది, దాని కాడికే పోదామన్నాడు. తర్వాత మాట పడిపోయింది.”

రాధిక లోపలికి వెళ్లి నాయన మంచం పక్కన నిలబడింది. ఆదెయ్య కళ్లు తెరిచి కూతురి ముఖం చూశాడు, ఆ తర్వాత మందు తెచ్చిందేమోనని ఆశగా ఆమె చేతుల వైపు చూశాడు.