చత్రు ముఖం

సకల జనుల సమ్మె మొదలయ్యాక కేసముద్రం మార్కెట్ యార్డులో లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. లారీలకు రంగులు వేసే జీవన్‌కు పని లేకుండా పోయింది. పని లేదని అతని చేతులకు ఎవరు చెప్పాలి? అవి ఊరుకునే రకం కాదు. స్టేషన్ ముందున్న దీక్షా శిబిరంలో ఓ మూల కూర్చుని, మెత్తటి పొణికి కర్ర చెక్కి, ఆ శిబిరాన్నే చిన్నదిగా చేయడం మొదలుపెట్టాడు. అగ్గిపెట్టెంత లారీలు, ఇంకాస్త చిన్న ట్రాక్టర్లు, బొటనవేలంత మనుషులు.

ఎవరి బొమ్మ వాళ్లు చూసుకుని ముక్కున వేలేసుకునేవారు. హోటల్ ఉపేందర్ తన పొట్ట చూసుకుని అలిగాడు. మళ్లీ తనే పదిమందిని వెంటబెట్టుకొచ్చి అదే పొట్టను చూపించాడు.

జీవన్ పద్ధతి ఒకటే. ముందు లారీకి వేసినట్టే నున్నగా రంగు వేస్తాడు. అది ఆరాక, తిన్నర్‌లో నీళ్లలా కలిపిన ముదురు గోధుమరంగును పైనుంచి పారిస్తాడు. అది మడతల్లోకి, గుంటల్లోకి దిగి నిలుస్తుంది. పైపైన మిగిలింది గుడ్డతో తుడిచేస్తాడు. అంతే, కర్రముక్కకు ఒళ్లు వస్తుంది.

శిబిరానికి రోజూ వచ్చేవాళ్లలో తండా నుంచి కాళి అనే ముసలమ్మ ఒకతి. ఎవరితోనూ మాట్లాడదు, నినాదాలూ ఇవ్వదు. పొద్దున్నే వచ్చి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆమె బొమ్మకు అద్దాల రవికె, తెల్ల జుట్టు పెట్టాడు జీవన్. ఎప్పుడూ దుప్పటి కప్పుకునే ఉంటుంది కాబట్టి ఆమె చేతులు అతనికి కనబడలేదు. లంబాడా ఆడవాళ్లకు ఉంటాయి కదా అని, మోచేతి పైన భుజం దాకా తెల్ల గాజులు వేసేశాడు.

కాళి తమ్ముడి కోడలు గోరీ ఆ బొమ్మను చూసి ఉలిక్కిపడింది.

"అన్నా, పై గాజులు తీసెయ్. గవి మొగడున్నోళ్లకే. మా కాళమ్మ మొగడు చత్రు అరవై తొమ్మిదిల తెలంగాణ ఊరేగింపుకు పోయిండు, మల్లొచ్చింది లేదు. శానేండ్లు చూసి తండా పెద్దలు గాజులు పగలగొట్టించిన్రు."

జీవన్‌కు తల కొట్టేసినట్టయింది. తిన్నర్ గుడ్డ అందుకున్నాడు. కాళి చేయి అడ్డం పెట్టింది.

"జరాగు బిడ్డా. ఆయన్ని నా పక్కన కూసోబెట్టు. ఆయనుంటే గాజులుంటయి. ఆయన రాకపోతే నువ్వే తుడువు."

"ఫోటో ఉన్నదా అవ్వా?"

"గప్పట్ల మాకు ఫోటోలేడియి."

"మరి ఎట్లుంటుండె?"

కాళి ఆలోచించింది. "మొకం మర్సిపోయిన" అంది చివరికి. ఆ మాట ఆమె ఇంతకుముందు ఎవరితోనూ అనలేదని గోరీని చూస్తేనే తెలిసింది. "చూస్తె మాత్రం గుర్తుపడ్త" అంది కాళి.

జీవన్ ఎర్ర తలపాగాతో, ధోవతితో ఒక పడుచువాణ్ణి చెక్కి రంగు వేశాడు. కాళి కాదంది. ముక్కు సన్నం చేశాడు. కాదంది. మీసం తీసేశాడు, దవడ గీకాడు. అదీ కాదు. బొటనవేలంత కర్రను ఎంతని గీకగలడు? ఇంకో గీటు పడితే ముఖమే మిగలదు. మైకు దగ్గరి వాళ్లు కూడా వచ్చి చుట్టూ మూగారు.

"ఏదో ఒకటి సరే అను అవ్వా" అన్నాడు ఉపేందర్.

"ఏదో ఒక మొగడేంది?" అంది కాళి. నవ్వబోయినవాళ్లు ఆమె ముఖం చూసి ఆగిపోయారు.

జీవన్‌కు భయం పట్టుకుంది. ముఖం కుదరకపోతే గాజులు తుడిచేసి, ఆనాడు గాజులు పగలగొట్టిన వాళ్ల సరసన ఈసారి తను చేరాలి. ఇక మిగిలింది పలచటి రంగు ఒక్కటే. కుంచె ముంచి బొమ్మ ముఖం మీద పారించాడు. రంగు కళ్ల కింద గుంటల్లోకి దిగింది. బుగ్గ పక్కన నిలిచింది. పెదవి చివర ఒకవైపే చిక్కబడి, నవ్వు ఆపుకుంటున్నట్టు ఒక నీడ ఏర్పడింది. అది జీవన్ చెక్కింది కాదు. తుడవబోయాడు.

"ఆగు" అంది కాళి.

బొమ్మకు ముఖం ఆనేంతగా వంగింది. కొత్త కోడలిలా కొంగు తల మీదికి లాక్కుంది. తండా మాటలో మెల్లగా, తిడుతున్నట్టు ఏదో అంది. గోరీ కళ్లు తుడుచుకుంది.

"ఏమంటున్నది?" ఉపేందర్ గొంతు తగ్గించి అడిగాడు.

"గింత ఆలిశెమా అంటున్నది."

ఇన్నేళ్లలో జీవన్ లెక్కలేనన్ని లారీల మీద పులుల్ని, నెమళ్లను గీశాడు. రంగు తనంతట తానే ఒక మనిషిని తెచ్చి కూర్చోబెట్టడం ఎన్నడూ చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇది తన పని అనుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకో తెలియకుండానే చెప్పులు విడిచారు.

రెండు బొమ్మల్నీ పక్కపక్కన అతికించాక గానీ అతనికి ఆ తేడా కనబడలేదు. చత్రు నిండా పాతికేళ్లు లేని పడుచువాడు, ఆమె తల ముగ్గుబుట్ట. చూసినవాళ్లు మనుమడనుకుంటారు. జీవన్ నల్ల రంగు డబ్బా మూత తీశాడు.

"అవ్వా, నీ ఎంటికలు నల్లగ చెయ్యాల్నా?"

కాళి తల అడ్డంగా ఊపింది.

"వద్దు బిడ్డా. నల్లగ చేస్తె, ఎన్నేండ్లు ఎదురు చూసిన్నో ఆయనకెట్ల తెలుస్తది."